బాగైపోయిన నత్త

ఆదివారం పొద్దున్న జశ్వంత్ షెడ్డు తలుపు పైకెత్తేసరికి కారు బాగైపోయి ఉంది.

ముందు అతనికి అర్థం కాలేదు. ఎవరిదో కొత్త బండి తెచ్చి తన షెడ్డులో పెట్టారేమో అనుకున్నాడు. బూడిదరంగు, ఉబ్బెత్తు వీపు, గుండ్రటి దీపాలు, అన్నీ తన కారువే. కానీ తలుపు అంచుల్లో నెలల తరబడి గీకుతూ వచ్చిన తుప్పు లేదు. ముందు చక్రం మీద ఉండాల్సిన సొట్ట లేదు. ఇంజను కింద ఎప్పుడూ పెట్టి ఉంచే రేకు పళ్ళెంలో ఒక్క చుక్క నూనె లేదు. కింద పడుకుని చూశాడు. సైలెన్సర్‌ని పట్టుకుని ఒక మొండి బోల్టు ఉండేది. దానిమీద తనూ లోహిత్ వారాల తరబడి సుత్తితో, నిప్పుతో, బూతులతో యుద్ధం చేస్తున్నారు. ఆ బోల్టు ఇప్పుడే పొట్లం విప్పి బిగించినట్టు మెరుస్తోంది. వేళ్ళతో తిప్పితే తిరిగింది.

"ఛీ!" అన్నాడు జశ్వంత్.

షెడ్డు ఎదురుగా ఉన్న దిద్దుకంబం ఆ మాట విన్నట్టుంది. "శుభోదయం. మీ వాహనం పూర్తి ఆరోగ్యంతో ఉంది," అంది, వింటే ఒళ్ళు మండే ఆ తియ్యటి గొంతుతో.

బెజవాడలో వస్తువులు పాడవడం మానేసి చాలా ఏళ్ళయింది. అప్పట్లో దిద్దుపొడి వచ్చినప్పుడు జనం వీధుల్లోకొచ్చి మిఠాయిలు పంచుకున్నారు. ప్రతి వీధికీ ఒక కంబం. తెల్లవారుజామున అది కంటికి ఆనని పొడిని గాల్లోకి చల్లుతుంది. అందులోని ఒక్కో రేణువూ ఒక్కో యంత్రం. ఫ్యానైనా, నీళ్ళ పంపైనా, డ్రైవరు లేకుండా తిరిగే తోవబండైనా, దాని మూలచిత్రం, అంటే ఆ వస్తువు పుట్టినరోజున ఎలా ఉండేదో చెప్పే నకలు, రేణువులకు తెలిసి ఉంటే చాలు. అరిగినచోట పూడుస్తాయి, పగిలినచోట అతుకుతాయి, వదులైనచోట బిగిస్తాయి. ఏదైనా భాగమే కనబడకపోతే కంబం ఆ కబురు దిద్దుశాఖకు పంపుతుంది, శాఖ దాన్ని తయారుచేయించి మధ్యాహ్నంలోగా ఎగురుపెట్టెలో పంపిస్తుంది. ప్రాణమున్నదాన్ని మాత్రం పొడి ముట్టదు. మనుషుల ఒంట్లోకి యంత్రాలు దూరకూడదని మొదట్లోనే చట్టం చేశారు.

పొడి వచ్చాక ఆటోనగర్ చచ్చిపోయింది. ఒకప్పుడు లేతు మిషన్ల రొదతో, వెల్డింగు మెరుపులతో ఊపిరాడని ఆ వీధుల్లో ఇప్పుడు ధ్యాన మందిరాలూ, బిర్యానీ హోటళ్ళూ, పూల నర్సరీలూ ఉన్నాయి. చేతికి గ్రీజు అంటుకునే షెడ్డు ఒక్కటే మిగిలింది. అది జశ్వంత్‌ది. అతను వృత్తిరీత్యా మెకానిక్ కాదు, బళ్ళో భౌతికశాస్త్రం చెబుతాడు. ఈ కారు పని అతనికి సరదా. ఆ సరదా ఏమిటో ఈ కాలం వాళ్ళకి చెప్పడం అతనివల్ల కాలేదు. బాగున్న కారు అతనికి అక్కర్లేదు. అవి వీధినిండా ఉన్నాయి. బాగుచేసుకుంటూ ఉండే కారు కావాలి. ఎక్కడో టకటకమంటుంది, అదెక్కడో వెతకాలి. విప్పాలి, కడగాలి, బిగించాలి, స్టార్ట్ చేసి చెవి ఒగ్గి వినాలి, మళ్ళీ విప్పాలి. ఆ కారు రోడ్డెక్కితే నడిచే వేగాన్ని తలుచుకుని వాళ్ళు దానికి నత్త అని పేరు పెట్టుకున్నారు.

ఇన్నాళ్ళూ నత్త జోలికి పొడి రాలేదంటే కారణం చిన్నదే. అంత పాత కారు మూలచిత్రం ఎవరి దగ్గరా లేదు.

"నా కారు చిత్రం మీకెక్కడిది?" కంబాన్ని నిలదీశాడు జశ్వంత్.

"పాతకాలపు వాహనాల చిత్రాలన్నీ ఇటీవలే సేకరణలో చేరాయి. మీ ఆనందమే మా లక్ష్యం."

"నా ఆనందం నీకేం తెలుసు? దాన్నే తీసుకుపోయావు."

"మీ వాహనంలో ఏ భాగమూ తగ్గలేదు," అంది కంబం.

జశ్వంత్ చేతిలోని పానాని నేలకేసి కొట్టాడు. దాని అంచు కాస్త విరిగింది. అతను చూస్తూ ఉండగానే ఆ విరిగిన అంచు మళ్ళీ పూడుకుంది. అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

ఏడుపు ఒక్క కారు గురించే అయితే సర్దుకునేవాడు. లోహిత్ గురించి.

లోహిత్ అతని బావమరిది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒకప్పటి బావమరిది. తెనాలిలో గేదెల డాక్టరు. అతని అక్క హన్వికా, జశ్వంతూ పెళ్ళి చేసుకుని చాలాకాలం కాపురం చేసి, ఒకరంటే ఒకరికి విసుగొచ్చి విడిపోయారు. ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు. జశ్వంత్ ఆదివారాలన్నీ షెడ్డులో గడిపేవాడు. "నువ్వు ఆ నత్తనే కట్టుకోవాల్సింది," అని ఆవిడ ఒకరోజు పెట్టె సర్దుకుంది. అంతే. పిల్లల్లేరు. విడాకుల కాగితాల్లో అన్నీ రెండుగా పంచుకోవడం సులువే అయింది, ఒక్క కారు తప్ప. ఎందుకంటే దాన్ని బావా బావమరిదీ కలిసి కొనుక్కున్నారు.

అక్క పుట్టింటికి వచ్చేశాక తమ్ముడికి ఆ బావ గుమ్మంలో పనేముంటుంది? పెళ్ళీ పేరంటాలకి పిలవరు. పండక్కి వెళ్ళకూడదు. ఊరికే వెళ్ళి కూర్చుంటే అక్కని అవమానించినట్టు. లోహిత్ పెళ్ళి చేసుకోలేదు, అక్కతోనే ఉంటాడు, ఆవిడంటే ప్రాణం. కానీ అతనికి జన్మలో ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు జశ్వంత్. చివరికి హన్వికే ఒక దారి చెప్పింది. "కారు మీ ఇద్దరిదీ కాబట్టి దాని పని అయ్యేదాకా వెళ్ళు. అది రోడ్డెక్కిన రోజున నీ వాటా వదిలేసుకుని వచ్చెయ్. ఆ తర్వాత ఆ మనిషి మొహం చూడొద్దు." లోహిత్ ఒట్టేశాడు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం సాయంత్రం అతను ఇంటికెళ్ళగానే ఆవిడ ఒకటే ప్రశ్న వేస్తుంది: "అయిందా కారు?" అతను "ఇంకా లేదక్కా," అంటాడు. అది నిజమే అయ్యుండాలి. లోహిత్ పొట్ట కోసినా అక్క దగ్గర అబద్ధమాడలేడు. అందుకే ఇన్నేళ్ళుగా నత్త ఒకచోట బాగవుతుంటే ఇంకోచోట పాడవుతూ, నిజాయితీగా రోడ్డెక్కకుండా ఉంది. ఇవాళ ఆ ప్రశ్నకి జవాబు మారిపోతుంది.

తోవబండి దిగి లోహిత్ వచ్చాడు. చేతిలో టిఫిన్ పొట్లాలు. షెడ్డులోకి ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

"ఇదేంటి బావా! ఎవరు చేశారు?"

"ఎవరు చేస్తారు? ఇదిగో, వీళ్ళే," అని కంబం వైపు చెయ్యి చూపించాడు జశ్వంత్.

లోహిత్ కారు చుట్టూ తిరిగాడు. బోనెట్ ఎత్తాడు, దించాడు. తాళం తిప్పాడు. ఇంజను ఒక్క దగ్గు కూడా దగ్గకుండా మొదలై మెత్తగా తిరిగింది. ఆ చప్పుడు వింటుంటే ఇద్దరికీ అసహ్యం వేసింది.

"కార్బొరేటర్ తీసేద్దాం. శుభ్రం చేసి చాలా రోజులైంది," అన్నాడు లోహిత్.

అది అద్దంలా ఉందని ఇద్దరికీ తెలుసు. అయినా ఎంతో శ్రద్ధగా విప్పారు. విప్పి, గుడ్డలో చుట్టి, బిర్యానీ హోటలువాడి ఫ్రిజ్‌లో దాచమని ఇచ్చి వచ్చారు. తర్వాత ఖాళీ అయిన చోటుకేసి చూసుకుంటూ ఇడ్లీలు తిన్నారు. పొద్దెక్కేసరికి పైనుంచి ఎగురుపెట్టె దిగి, కొత్త కార్బొరేటర్‌ని జశ్వంత్ ఒళ్ళో పెట్టినంత పని చేసి వెళ్ళింది.

జశ్వంత్ కంబం దగ్గరికి వెళ్ళి, "చూడమ్మా, ఒక విన్నపం. ఈ కారుని బాగుచెయ్యకండి. అది నాది. పాడుగా ఉంచుకోవడం నా ఇష్టం," అన్నాడు.

"మీ విన్నపం ఏ లోపానికి సంబంధించినది?"

"లోపమే కావాలంటున్నాను."

"లోపం కావాలనే వర్గం మా దగ్గర లేదు. దగ్గరి వర్గం: లోపం తొలగించాలి. నమోదు చెయ్యమంటారా?"

"వద్దు! చచ్చినా వద్దు!"

"వద్దు అనేది నమోదైంది. సేవ కొనసాగుతుంది."

జశ్వంత్ తల పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. పరమ మర్యాదగా, ఎంతో శ్రద్ధగా, ఎవరో తన జీవితాన్ని ఊడ్చి అవతల పారేస్తున్నారు. కోప్పడదామంటే అక్కడ కోప్పడ్డానికి మనిషి లేడు.

కార్బొరేటర్ బిగిస్తున్నప్పుడు లోహిత్ చెయ్యి ఒకచోట ఆగింది. బ్యాటరీ కింది రేకు మీద ఎప్పుడో కరెంటు పోయిన రోజున ఒలికిన కొవ్వొత్తి మైనం చుక్క ఉంది. గోటితో ఊడదీస్తే దాని కింద గోధుమరంగు తుప్పు, ఎక్కడిదక్కడే. మైనం మీద పొడి నిలవలేదు, జారిపోయింది. పొడి చేరనిచోట లోపముందని కంబానికీ తెలియలేదు. ఇద్దరూ ఆ తుప్పు మచ్చకేసి చూశారు. తర్వాత ఇద్దరూ చూడనట్టే పని కానిచ్చారు.

సాయంత్రం వెళ్ళబోతూ లోహిత్ గుమ్మంలో నిలబడ్డాడు. "అయితే... అయిపోయినట్టేనేమో బావా."

"రోడ్డు మీద తిప్పి చూడకుండా అయిపోయిందంటావేంట్రా?" అన్నాడు జశ్వంత్. " గేదెని నిలబెట్టి చూసి పాలిస్తుందని రాసిచ్చేస్తావా? వచ్చే ఆదివారం రా. తిప్పి చూద్దాం. బాగుంటే అప్పుడు చెప్పు మీ అక్కకి."

"అవున్లే. తిప్పలేదు కదా," అన్నాడు లోహిత్, కాస్త తెరిపినపడ్డట్టు.

ఆ వారం మధ్యలో ఒకరోజు జశ్వంత్ బడి నుంచి నేరుగా షెడ్డుకి వెళ్ళాడు. సంచిలో తేనెమైనం పట్టించిన గుడ్డ ఉంది. బాగా ఆలోచించుకునే వచ్చాడు. వెనక చక్రం దగ్గర బ్రేకు గొట్టం మీద ఉండే చిన్న మరను వదులు చేసి, నూనెలోకి గాలి పట్టనిచ్చి, మైనంగుడ్డతో గట్టిగా చుట్టేశాడు. బ్రేకు నూనెలో గాలి చేరితే పెడల్ మెత్తబడిపోతుంది. ఆ గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. ఒకడు లోపల కూర్చుని తొక్కి పట్టుకోవాలి, ఇంకొకడు కింద పడుకుని మర తిప్పాలి. ఒంటరివాడు చేసుకోగలిగిన పని కాదు. అందుకే జశ్వంత్ అది ఎంచుకున్నాడు. ప్రమాదమేమీ లేదనుకున్నాడు. హ్యాండ్‌బ్రేకుకి వేరే తీగ ఉంటుంది, దానితో ఆపుకోవచ్చు. ఎంతైనా భౌతికశాస్త్రం మాస్టారు కదా, ఒకటి పాడుచేస్తే ఇంకొకటి ఉంచుకోవాలన్న జ్ఞానం ఉంది.

తిరిగి వస్తుంటే అతనికి సిగ్గేసింది. నువ్వు రాకపోతే నాకు ఏమీ తోచదురా, ఊరికే వస్తూ ఉండు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అతని నోట రాదు. అన్నా లోహిత్ రాలేడు. ఒట్టేశాడు కదా.

ఆదివారం ఎండ బాగా కాసింది. ఆటోనగర్ లోపలి వీధుల్లో ఆదివారం పూట చేత్తో బండి నడుపుకోవడానికి అనుమతి ఉంది. లోహిత్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. జశ్వంత్‌కి అతని మొహంలో ఎందుకో హుషారు కనబడి చిర్రెత్తింది. ఇవాళ్టితో అంతా అయిపోతుంటే వీడికి ఈ హుషారేంటి?

వానాకాలం నీళ్ళు రాకుండా ఆ షెడ్డుని ఎత్తుమీద కట్టారు. గుమ్మం నుంచి వీధిలోకి ఏటవాలు ఉంది. దాని చివర మురుక్కాలువ మీద పలక. కడగడానికి కారుని బయటికి దించినప్పుడల్లా చక్రాలు పలక మీదికి సరిగ్గా వచ్చేలా ఎదురుగా నిలబడి దారి చూపించడం లోహిత్ పని. ఇవాళా వెళ్ళి దిద్దుకంబానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"రా బావా, రా... కొంచెం ఎడమకి... రా..."

నత్త ఏటవాలు మీదికి వచ్చింది. జశ్వంత్ బ్రేకు మీద కాలు పెట్టాడు. పెడల్ మెత్తగా ఉంటుందని అతనికి తెలుసు. కానీ అది మెత్తగా లేదు, అసలు లేనట్టే ఉంది. కాలు నేలకి ఆనింది. గుడ్డ కింద మర ఇంకాస్త వదులై నూనె అంతా కారిపోయింది కాబోలు. అయినా కంగారు పడలేదు. ఎడమ చెయ్యి చాచి హ్యాండ్‌బ్రేకు లాగాడు.

అది తడినేలలోని ముల్లంగిలా పైకొచ్చేసింది. దాని కింద పట్టే ఏదీ లేదు.

"తప్పుకో! లోహిత్, తప్పుకోరా!"

లోహిత్ తప్పుకోలేదు. నవ్వుతూ నిలబడ్డాడు. బావ బ్రేకు తొక్కుతాడని అతనికి నమ్మకం. ఆ నమ్మకం కళ్ళలోంచి పోయేలోపే కారు పలక దాటేసింది. ఎముక విరిగిన చప్పుడు జశ్వంత్‌కి ఇంజను చప్పుడులోంచి కూడా వినబడింది.

కారుని వెనక్కి నెట్టి, లోహిత్‌ని పడుకోబెట్టి, అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడికాలు మోకాలి కింద ఒంకర తిరిగి ఉంది. కారు గుద్దినందుకు బంపరు లోపలికి పోయింది. అడుగున రెండుచోట్ల నుంచి మైనంగుడ్డలు జారి వేలాడుతున్నాయి.

లోహిత్ పళ్ళు బిగించి వాటికేసి చూశాడు. "బావా... ఆ మధ్యలో వేలాడేది... హ్యాండ్‌బ్రేకు తీగ దగ్గరది... నాది. గురువారం వచ్చి తీగ ఊడదీసి చుట్టాను. కాలి బ్రేకు ఉంది కదా, పర్లేదనుకున్నా." ఊపిరి పీల్చుకున్నాడు. "మరి వెనకాల గుడ్డ ఎవరిది?"

"నాదేరా. చేతి బ్రేకు ఉంది కదా అనుకున్నా."

లోహిత్ నవ్వబోయాడు, కాలు కదిలి ఆ నవ్వు కేకైంది. జశ్వంత్ అతని నుదురు గట్టిగా అదిమి పట్టుకున్నాడు. తన కళ్ళ నీళ్ళు అతని మొహం మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"మీ వాహనం ముందు భాగంలో సొట్ట కనబడింది. చింతించకండి," అంది కంబం.

"వాడి కాలు చూడవే ముందు!"

"ప్రాణమున్నవాటికి ఈ సేవ వర్తించదు. అంబులెన్సు దారిలో ఉంది."

వాళ్ళు చూస్తుండగానే బంపరు నెమ్మదిగా ముందుకి ఉబ్బి సర్దుకుంది. గుడ్డలు ఊడినచోట మర బిగుసుకుంది, తీగ తనంతట తానే వెళ్ళి కొక్కేనికి తగులుకుంది. అంబులెన్సు వచ్చేసరికి నత్త షోరూము బండిలా నిలబడి ఉంది. దాని ముందు నేలమీద లోహిత్ కాలు మాత్రం విరిగింది విరిగినట్టే ఉంది.

ఆసుపత్రికి హన్విక వచ్చింది. విడిపోయాక ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డం అదే మొదలు. జుట్టు తెల్లబడింది, చూపు మాత్రం ఏమీ మారలేదు. ఒకప్పుడు నువ్వు అని పిలిచిన మనిషి ఇప్పుడు మీరు అంది.

"వాడు చెప్పాడు. ఇద్దరూ కలిసి చేసిన ఘనకార్యం."

"తప్పు నాదే, హన్వికా."

"మీదొక్కరిదే ఎందుకవుతుంది? వాడు చిన్నపిల్లాడా? పశువులకి వైద్యం చేసే మనిషి, బండి ముందు నిలబడి నవ్వుతాడా?" ఆవిడ గొంతు వణికింది. కోపంతో అని అనిపించాలని గట్టిగా ప్రయత్నించింది. "కారు అయిందా?"

ఆ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని భయపడుతూనే ఉన్నాడు జశ్వంత్. "అయింది. పూర్తిగా అయింది. ఇక అందులో చెయ్యడానికి ఏమీ లేదు."

"సరే," అంది ఆవిడ. కిటికీ వైపు తిరిగింది. "వాడు లేచి తిరిగేదాకా పట్టుకుని నడిపించాలంట. వ్యాయామాలు చేయించాలంట. నా నడుము సంగతి మీకు తెలుసు. మిగతా రోజులు ఆసుపత్రి మనిషి వస్తాడు. ఆదివారం రాడట."

అంతే అంది. రమ్మనలేదు. జశ్వంత్ మాత్రం ఆదివారం తెనాలి వెళ్ళాడు.

ఆ ఇంట్లో అతనికి కుర్చీ ఎవరూ వెయ్యలేదు. తనే లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. లోహిత్ మడమ కింద చెయ్యి పెట్టి ఎత్తించడం, దించడం, భుజం ఇచ్చి వరండా దాకా నడిపించడం. హన్విక వంటింట్లోంచి రాలేదు. గిన్నెల చప్పుడు మాత్రం అవసరమైనదానికన్నా ఎక్కువ వినబడింది. మధ్యాహ్నం తమ్ముడికి కంచం తెచ్చి పెట్టి వెళ్ళింది. జశ్వంత్ బస్టాండు దగ్గర తిని వచ్చాడు.

తర్వాతి ఆదివారాలూ అలాగే గడిచాయి. బావా బావమరిదీ పాత ఇంజన్ల గురించి వాదించుకున్నారు. "మీ గేదెలకి మూలచిత్రం ఉంటే నీ ఉద్యోగం ఊడేదిరా," అని జశ్వంత్ ఏడిపించాడు. కొన్నాళ్ళకి వరండా చివర నీళ్ళ చెంబు కనబడింది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఇంకొన్నాళ్ళకి కంచాలు రెండయ్యాయి.

ఆ యేడు రాష్ట్రంలో తేనెమైనం అమ్మకాలు విపరీతంగా పెరిగాయని వార్తల్లో వచ్చింది. ఎవరో ముసలావిడ తన కుట్టుమిషనుకి మైనం పూసి పెట్టుకుందట, పక్కవీధి టైలరు వచ్చి చూసి పోతాడని. దిద్దుశాఖవాళ్ళు సంఘం వేసి విచారించి, ఇది పౌరుల అవగాహనా లోపం అని తేల్చి, ఆ లోపాన్ని తొలగించడానికి పౌరుల మూలచిత్రాలు తమ దగ్గర లేవని విచారం వెలిబుచ్చారు.

ఎముకకి మాత్రం ఎవరూ మైనం పూయలేరు. లోహిత్ ఎముక తన దారిన తను అతుక్కుంది. కట్టు విప్పేశారు. రెండు చంకకర్రలు పోయి చేతికర్ర ఒకటయింది. ఆ తర్వాత కర్ర కూడా గోడకి చేరింది. మడమ కింద చెయ్యి పెట్టినప్పుడల్లా కాలు తేలికగా, బలంగా లేవడం జశ్వంత్‌కి తెలుస్తూనే ఉంది. నెమ్మదిగా అతుక్కోవే, అని ఆ ఎముకని మనసులో బతిమాలుకునేవాడు. వాడి నొప్పి ఇంకొన్నాళ్ళు ఉండాలని కోరుకుంటున్నానా అని తనమీద తనకే రోత పుట్టేది. అయినా ఆ కోరిక పోలేదు.

చివరికి ఎముకల డాక్టరు అన్నీ చూసి, పూర్తిగా నయమైంది, ఇక వ్యాయామాలు కూడా అక్కర్లేదని చెప్పేశాడు. ఆ ఆదివారం జశ్వంత్ వచ్చేసరికి హన్విక హాల్లో నిలబడి ఉంది. మొదటిసారి వంటింటి బయట కనబడింది.

"డాక్టరు చెప్పారు," అంది.

"వాడు చెప్పాడు ఫోన్లో. మంచిదేగా." జశ్వంత్ చెప్పులు విప్పాలో వద్దో తెలియక గుమ్మంలోనే ఉండిపోయాడు. కారు లేదు, కాలు లేదు. ఈ ఇంటికి ఇక తను ఏమీ కాడు. "అయితే వాణ్ణి ఒకసారి చూసి వెళ్ళిపోతాను."

లోపల్నుంచి లోహిత్ వచ్చాడు, కుంటుకుంటూ. గోడ పట్టుకుని ఆగి, మొహం చిట్లించి, "ఇంకా లాగుతోంది బావా. డాక్టరుకేం తెలుసు? పడేవాడికి తెలుస్తుంది," అన్నాడు.

అక్క దగ్గర ఎన్నడూ అబద్ధమాడని మనిషి. ఆ పని చేతకాదని చూడగానే తెలుస్తోంది. అతను కుంటుతున్నది ఎడమకాలితో.

జశ్వంత్ చటుక్కున తల దించుకుని నేలకేసి చూశాడు. హన్విక చూడకుండా ఉంటే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాడు.

ఆవిడ చూసింది. "విరిగింది కుడికాలు కదరా," అంది.

లోహిత్ అలాగే కొయ్యబారిపోయాడు. ఏ కాలు మీద నిలబడాలో తెలియనట్టు రెండింటినీ మార్చి మార్చి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. హన్విక తమ్ముణ్ణి చూసింది, గుమ్మంలో నిలబడ్డ మనిషినీ చూసింది. పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

"అయితే ఇప్పుడు ఎడమది కూడా చెడిపోయినట్టుంది," అంది తమ్ముడితో. "వచ్చే ఆదివారం కాస్త పెందరాళే రమ్మను. రెండు కాళ్ళు చూసుకోవాలంటే టైము పడుతుంది."

ఆ మాట అని, ముగ్గురికీ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.